పై పొర వాసన

పెద్దబావ మాట నీటి మీద రాత అని మేస్త్రి ఎప్పుడో తెలుసుకోవలసింది. కొట్టు పెట్టిన కొత్తలో, "ఒరేయ్, వెనక షెడ్డూ దాని పక్క గదీ నీవేరా, తీరిక చూసుకుని రాసిస్తాను" అన్నాడాయన. ఆ తీరిక ఇప్పటిదాకా ఆయనకు చిక్కలేదు. ఇంటి మీద ఇల్లు లేపడానికి చిక్కింది. పైదవడకు పళ్ళు కట్టించుకోవడానికి చిక్కింది. సొంత బావమరిదికి, కొట్టుకి పేరు తెచ్చిపెట్టినవాడికి, తలదాచుకునే జాగా కాగితం మీద పెట్టడానికి మాత్రం మంచిరోజు రాలేదు. అడిగితే, "నీకూ నాకూ కాగితాలేమిట్రా, పరాయివాళ్ళమా" అనేవాడు. పరాయివాళ్ళయితేనే నయం. పరాయివాణ్ణి కోర్టుకి లాగొచ్చు. అక్క మొగుణ్ణి ఎక్కడికి లాగుతాం?

అది చాలదన్నట్టు ఆ సోమవారం పొద్దున్న, కొట్టులో కొనేవాళ్ళంతా వింటుండగా, "నాలుగో నంబరు చెడిపోయిందంటే చెడదుటండీ? పెళ్ళాం ఇల్లు వదిలి వెళ్ళిన దగ్గర్నుంచీ మావాడి ముక్కు వాడి దగ్గర లేదు" అన్నాడు.

మేస్త్రి అప్పుడు తూకం బల్ల దగ్గర రెండో నంబరు కలుపుతున్నాడు. వేళ్ళతో ఆకుని పైకెత్తి జారవిడుస్తూ, పసుపు పోగులూ నల్ల పోగులూ ఒకదాన్నొకటి పట్టుకునేదాకా కలిపి, మూత పెట్టాడు.

అది సిగరెట్లమ్మే బడ్డీ కాదు. పైపు తాగేవాళ్ళ కోసం పొగాకు కలిపి అమ్మే కొట్టు. గోడ పొడుగునా గాజు జాడీలు, జాడీకో ఆకు. ఏ ఆకు ఎంత, దేని తర్వాత ఏది, ఎన్నాళ్ళు ఒత్తుడులో ఉంచాలి అన్నది మేస్త్రి చెయ్యి. ఆ చేతిలోంచి వచ్చిన మిశ్రమాల్లో నాలుగో నంబరుకి ఒకప్పుడు బారులు తీరేవాళ్ళు. రెండేళ్ళుగా ఆ బారు లేదు. ఆకులు అవే, పాళ్ళు అవే, ఒత్తే పెట్టె కూడా అదే. రుచి మాత్రం ఎక్కడో దిగిపోయింది, రైల్లోంచి చెప్పాపెట్టకుండా దిగిపోయినవాడిలా.

"మీ బావగారన్నదాంట్లో అబద్ధం లేదయ్యా" అన్నాడు గడియారాలాయన. ఎదురు వరసలో గడియారాలు బాగుచేసే ముసలాయన అతను. పొద్దున్నే వచ్చి కొట్టు ముందరి స్టూలు మీద మొదటి పైపు వెలిగించుకుని పోతాడు. "ఇప్పటి నాలుగో నంబరు పొగాకులాగే ఉంటుంది. అప్పటిది అలా కాదు. తాగుతుంటే ఎవరో పక్కగదిలో ఉన్నట్టుండేది."

"ఎవరుండేవాళ్ళేమిటి, మీ ఆవిడా?" అన్నాడు పెద్దబావ.

"మా ఆవిడ పక్కగదిలో ఉంటే వాసన రాదు, కేకలొస్తాయి."

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు కానీ, ఆ పక్కగది మాట మాత్రం గొంతులో చేప ముల్లులా నిలిచిపోయింది.

పెద్దబావ ఆ రోజు అంత వేడి మీద ఉండటానికి కారణం బూడిదరంగు కోటాయన. ఎక్కడో పెద్ద కంపెనీ తరఫున వచ్చాడు. ఎప్పుడో ఎవరింట్లోనో పాత నాలుగో నంబరు తాగాడట, నాలిక మర్చిపోలేదట. ఆ రుచి మళ్ళీ తెచ్చి చూపిస్తే, అదెలా వస్తుందో చెబితే, కంపెనీ కొనుక్కుంటుంది. శనివారం వస్తానని వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం అక్క స్వయంగా షెడ్డుకి వచ్చింది, వెనకే పెద్దబావ.

"మీ నోటితో చెప్పండి వాడికి" అంది అక్క.

"చెప్పేదేముంది. శనివారం ఆ రుచి చూపించు, సంగతి చెప్పు. సోమవారం ఈ షెడ్డూ గదీ నీ పేరున రిజిస్ట్రేషన్ చేయిస్తా. లేదూ, ఈ షెడ్డు పడగొట్టి గోడౌను కట్టుకుంటా. కొట్టులో జీతానికుండు. ఎవరో ఒకరింట్లో అద్దెకుండు."

"ఈసారి రాయకపోతే నేను మీ ఇంట్లో పొయ్యి వెలిగించను" అంది అక్క, మొగుడి వంక కాకుండా ఒత్తుడు పెట్టె వంక చూస్తూ.

మేస్త్రికి ఆ స్థలం మీద అంత మమకారం ఎందుకో అక్కకు తెలుసు. అతను పక్క ఊరు వెళ్ళి పెళ్ళాం గుమ్మం ముందు నిలబడాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఒట్టి చేతులతో వెళ్ళి రమ్మనే మొహం లేదు. "ఇది మనది, ఇక ఎవరూ కదపలేరు" అనగలిగితే అప్పుడు అడగొచ్చు. రెండేళ్ళుగా ఆ ఒక్క వాక్యాన్నే తిప్పితిప్పి సానబడుతున్నాడు.

సాయంత్రం గడియారాలాయన అడక్కుండానే ఒక డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు. మూత తీయని పాత నాలుగో నంబరు. "అటకమీద దాచుకున్నాను. సగం నీది, సగం నాది. నా సగం జోలికొచ్చావో, నీ చేతిగడియారం ముల్లు వెనక్కి తిప్పేస్తా."

*

మర్నాడు మేస్త్రి సబ్బు ముట్టుకోకుండా మొహం కడుక్కున్నాడు. ఎండు రొట్టె ముక్క నమిలి గోరువెచ్చటి నీళ్ళు తాగాడు. రుచి చూసే రోజున అంతకుమించి కడుపులోకి పోనివ్వడు. నోరు తెల్లకాగితంలా ఉండాలి. ఆ నియమం తన నోటికే కాదు, ఇల్లు మొత్తానికీ ఉండేది. పువ్వు పెట్టుకోకూడదు. తలకు వాసననూనె రాసుకోకూడదు. వాసన సబ్బు గడప దాటి రాకూడదు. ఉల్లిపాయ వేయించాలన్నా పెళ్ళాం కిటికీలోంచి, "ఏవండీ, వేయించుకోనా?" అని అడిగేది. ముక్కు మీద బతికే ఇల్లది. అందులో తప్పేముందో అతనికి ఎన్నడూ తోచలేదు.

డబ్బా మూత కింద నాణెం దూర్చి తిప్పాడు. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. మూత లేచింది.

మొదట అతనికి ఏ ఆకూ గుర్తుకు రాలేదు. గదిలో ఎవరో అటు నుంచి ఇటు నడిచినట్టయింది. వెనక్కి తిరిగి చూశాడు కూడా. తర్వాత తనను తానే తిట్టుకుని బల్ల మీద తెల్లకాగితం పరిచాడు.

పలకలు పలకలుగా ఉంది పొగాకు. ఆకుని పొరలుగా పేర్చి, గుడ్డలో చుట్టి, మర బిగించి ఒత్తితే దిమ్మ అవుతుంది. దిమ్మను పేక ముక్కల మందాన కోస్తే పలకలు. ఒక పలకను విప్పి, గడియారాలాయన దగ్గర తెచ్చుకున్న సన్న పట్టకారుతో పోగులు విడదీశాడు. పసుపు వర్జీనియా ఒక పక్క. గోధుమరంగు బర్లీ ఒక పక్క. ఎండలో ఆరిన సన్నాకు ఆకుపచ్చ తిరిగి ఉంటుంది, అదొక పక్క. పొగబెట్టిన నల్లాకు, పీపాలో పులియబెట్టిన నల్లాకు చూడటానికి అన్నదమ్ములే. నలిపితే తెలుస్తుంది, ఒకటి ఆరిన పొయ్యి, ఒకటి మురిగిన ద్రాక్ష.

తెల్ల మట్టి పైపులు రెండు తీసుకున్నాడు. కర్ర పైపు పనికిరాదు. కర్ర మరిచిపోదు, నిన్న తాగినదాని గుణం ఈరోజు అంటగడుతుంది. మట్టి పైపు నిప్పుల్లో కాల్చితే మళ్ళీ పుట్టినట్టే. ఒకదాంట్లో పాత డబ్బాలోది, ఒకదాంట్లో తను మొన్న ఒత్తినది కూరాడు. అడుగున వదులుగా, మధ్యలో కాస్త గట్టిగా, పైన వేలి మొన తగిలీ తగలనట్టు. అగ్గిపుల్ల గీసి గంధకం వాసన పోయేదాకా ఆగి, అప్పుడు అంటించాడు.

ఒక దమ్ము దీంట్లో, ఒక దమ్ము దాంట్లో. పొగను నోట్లో తిప్పి, సగం ముక్కులోంచి వదిలాడు. ముందు వర్జీనియా వచ్చింది, ఎండుగడ్డి, దాని అంచున నిమ్మతొక్క. తర్వాత బర్లీ, వేయించిన గింజలా. పులిసిన ఆకు ముక్కులో మిరియంలా చురుక్కుమంది. చివర పొగబెట్టిన ఆకు, దూరాన ఎవరో ఆకులు తగలబెడుతున్నట్టు. రెండు పైపుల్లోనూ ఇవన్నీ ఉన్నాయి. పాతదాంట్లో మాత్రం నిమ్మతొక్క దాటాక, పొగ రాకముందు, సందులో ఇంకొకటి ఉంది. పండు కాదు, పూర్తిగా పువ్వూ కాదు. పట్టుకోబోతే పైట చెంగులా జారిపోతోంది.

ఇన్నాళ్ళూ ఆ రుచిని వర్జీనియా ఆకు ఖాతాలో వేసుకున్నాడు. మంచి ఏడు ఆకు అలాగే ఉంటుంది, నిమ్మ వాసన ముదిరి తీపెక్కుతుంది. ఆ ఆకు అయిపోయింది, రుచీ పోయింది అని సరిపెట్టుకున్నాడు. వర్జీనియా తెలిసినవాడెవడైనా అదే అనుకుంటాడు. డబ్బా అడుగు తిప్పి చూస్తే మాత్రం కొట్టిన ముద్ర ఆకు ఎండి చచ్చిన ఏటిది. ఆ ఏడు ఆకులో నిమ్మా లేదు, తీపీ లేదు, ఒట్టి ఈనెలు. అలాంటి ఆకుతో ఒత్తిన పలక ఇలా నోరూరించడమేమిటి?

పైపు అడుక్కి వచ్చింది. ఆరిపోయింది. మళ్ళీ కూరాలంటే చెయ్యి ఆడలేదు. కూరిన కొద్దీ డబ్బాలో తరుగుతుంది. పోయిన మనిషి ఉత్తరం ఎన్నిసార్లు చదివినా అక్షరం తరగదు. దీన్ని చదవాలంటే కాల్చాలి.

ఆ రోజూ తర్వాతి రోజు పొద్దుటిపూటా అలాగే గడిచాయి. అక్క క్యారియరు తెచ్చి గుమ్మంలో పెట్టి పోయేది. పెద్దబావ కిటికీలోంచి తొంగిచూసి, "ఏరా, దొరికిందా? దొంగ దొరికాడా?" అనేవాడు.

"దొరికితే మీకు చెప్పకుండా అన్నం తింటానా బావా."

"తినవు. ఎలాగూ తినడం లేదుగా."

బుధవారం ఎండ నడినెత్తికొచ్చే వేళకు గడియారాలాయన దగ్గర తెచ్చుకున్న బ్లేడుతో ఒక పలకను అడ్డంగా కాక అంచుల వెంబడి కోశాడు మేస్త్రి. ఎందుకు కోశాడో అతనికే తెలియదు, చేతికి ఏదో పని కావాలి. దిమ్మకి బయటి పక్కన ఉండిన పై పొర ఒక పక్కకు, లోపలి గుజ్జు ఒక పక్కకు వచ్చాయి. రెంటినీ రెండు పైపుల్లో కూరాడు. గుజ్జు తాగాడు. అందులో వర్జీనియా, బర్లీ, అన్నీ ఉన్నాయి. సందులోది లేదు. పై పొర అంటించాడు.

మొదటి దమ్ములోనే వచ్చి కూర్చుంది.

మరో పలక కోశాడు. అదే. ఆకులో ఉన్న గుణమైతే పలక అంతటా ఉండాలి. పై పొరలోనే ఉందంటే బయటినుంచి అంటుకున్నది. బయట దిమ్మకి తగిలేది ఒక్కటే, చుట్టిన గుడ్డ.

లేచి షెడ్డులోకి వెళ్ళాడు. అరమీద మడతపెట్టిన ఒత్తుడు గుడ్డలు తీసి మొహానికి అదుముకున్నాడు. వేడినీళ్ళూ ఎండా తప్ప ఇంకేమీ లేవు. ఇవి ఇప్పుడు అతనే ఉతుకుతున్నాడు. అప్పుడు ఉతికిందీ ఆరేసిందీ మడతపెట్టిందీ ఆమె. ఆ గుడ్డల సంగతి ఒక్కనాడైనా అడిగిన పాపాన పోలేదు.

*

మర్నాడు బస్సెక్కాడు. పక్క ఊళ్ళో దర్జీ దుకాణం మీది గదిలో ఆమె ఉంటోంది, చొక్కాలకు కాజాలు కుడుతూ. ఇల్లు ఎక్కడో తెలుసు. రెండుసార్లు ఆ వీధి చివరిదాకా వచ్చి తిరిగి వెళ్ళాడు. ఇప్పుడు పనిమీద వచ్చాడు కాబట్టి ధైర్యం వచ్చింది. పని లేకుండా పెళ్ళాన్ని చూడటానికి రాలేని మగవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళలో ఇతనొకడు.

మెట్లెక్కుతూ ప్రశ్నలు కూర్చుకున్నాడు. గుడ్డలు దేంతో ఉతికేదానివి? ఎక్కడ ఆరేసేదానివి? మాట కఠినంగా ఉండకూడదు, అలాగని దేబిరించినట్టూ ఉండకూడదు.

తలుపు తెరుచుకుంది. అడగవలసిందేమీ మిగల్లేదు.

ఆమె కంటే ముందు అది వచ్చి గుమ్మంలో నిలబడింది. నిమ్మతొక్క దాటాక, పొగ రాకముందు ఉండేది. పొగాకు తోడు లేకుండా ఒంటరిగా, పట్టపగలు. నారింజచెట్టు పూతమీద ఉన్నప్పుడు దాని కిందినుంచి నడిచిపోయినట్టు.

"ఏమిటలా నిలబడ్డారు అప్పులవాడిలా? రండి లోపలికి."

గదినిండా తెల్లచొక్కాలు. ఆమె కిటికీ పక్కన చాపమీద కూర్చుని వదిలేసిన కాజా మళ్ళీ చేతిలోకి తీసుకుంది. జుట్టు కణతల దగ్గర నెరిసింది. మెడ వంచినప్పుడల్లా ఆ వాసన కదిలి వస్తోంది. మంచినీళ్ళిచ్చింది. అతను గ్లాసు పట్టుకునే కూర్చున్నాడు. తాగితే కొట్టుకుపోతుందేమో అన్నట్టు.

"నారింజ పూల అత్తరు" అన్నాడు చివరికి.

ఆమె కళ్ళెత్తలేదు. "కనిపెట్టారా. పరవాలేదు, త్వరగానే."

"గుడ్డల్లో పెట్టేదానివి."

"మడతల్లో. దూదికి ఒక్క చుక్క అద్ది. ఇంకెక్కడ పెట్టుకోను చెప్పండి? గోడకి చెవులుంటాయంటారు. మన ఇంట్లో గోడకి ముక్కులుండేవి." దారం పళ్ళతో తెంపింది. "ఆ పొగబెట్టిన ఆకు జాడీ పక్కనుంటే మీకు తెలియదని. పనయ్యాక వెళ్ళి ఆ మడత విప్పుకుని కాసేపు కూర్చునేదాన్ని. అంతే. పూసుకుని ఊరేగలేదు."

"ఎవరికోసం?"

ఆ మాట అతని అనుమతి లేకుండానే నోరు దాటింది. సూది ఆగింది. కింద దుకాణంలో మిషను గడగడమని కాసేపు తిరిగి, ఆగి, మళ్ళీ తిరిగింది.

"నాకోసం" అందామె. "మీరూ అదే అడిగారు, చూశారా. మీరే అడిగాక ఇంకొకళ్ళు అడగరా?"

అతను గ్లాసు కింద పెట్టాడు. పెట్టిన చోట తడి గుండ్రంగా అంటింది. దాన్ని వేలితో తుడుస్తూ, "నాలుగో నంబరుకి పేరొచ్చింది దానివల్లే" అన్నాడు.

ముందు ఆమెకు అర్థం కాలేదు. పై పొర సంగతి, గుజ్జు సంగతి చెప్పాడు. వింటూ వింటూ కుడుతున్న చొక్కా మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాడు. చొక్కా దించితే నవ్వుతోంది, కళ్ళవెంట నీళ్ళొచ్చేలా.

"అయితే మీరు ఆ పలక నలిపి, వాసన చూసి, 'ఇది నా చెయ్యి' అనేవారే, అదా? నేను తలుపు చాటున నోరు నొక్కుకునేదాన్ని, దొరికిపోయానా ఏమిటా అని." నవ్వు సన్నగిల్లింది. "తర్వాత్తర్వాత ఆ భయం కూడా పోయింది. మీకు తెలియదని తెలిసిపోయింది."

"ఎప్పుడైనా చెప్పకపోయావా?"

"చెబితే?"

చెబితే గుడ్డలు కుప్పపోసి తగలబెట్టేవాడు. ఇద్దరికీ తెలుసు.

కాసేపటికి అతను స్థలం సంగతి ఎత్తాడు. శనివారం, కోటాయన, సోమవారం రిజిస్ట్రేషను. ఎన్నాళ్ళుగానో సానబట్టిన వాక్యం తీరా సమయానికి మొద్దుబారి వచ్చింది. "మనది అవుతుంది" అన్నాడు.

"మనది అంటే మీ పేరునా?"

"నీ పేరున రాయిస్తాను."

ఆమె చొక్కా మడతపెట్టి పక్కన పెట్టింది. ఇంకొకటి తీసుకోలేదు. "సరే, చెప్పండి మీ బావకి. అత్తరు ఎక్కడ దొరుకుతుందో చీటీ రాసిస్తాను. నాదేం పోయింది."

"చెబితే వస్తావా?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "ఆ గదికి ఇంకో కిటికీ పెట్టించండి ముందు. అప్పుడు చూద్దాం."

లేచి, గూట్లోంచి చిటికెనవేలంత సీసా తీసింది. చిన్న దూదిపింజకి ఒక్క చుక్క అద్ది, కాగితంలో చుట్టి అతని అరచేతిలో పెట్టింది. అద్దేటప్పుడు అలవాటుగా తలుపు వంక ఒకసారి చూసి, తర్వాత తలుపు వంక చూడనక్కరలేదని గుర్తొచ్చినట్టు భుజాలు వదులు చేసుకుంది. తన ఇంట్లో, తన తలుపు వెనక, ఇన్నాళ్ళ తర్వాత కూడా.

బస్సులో అతను ఆ చూపునే తలుచుకుంటూ కూర్చున్నాడు. కిటికీ మాట తలుచుకుందామనుకుంటాడు, తూర్పు గోడకా, ఉత్తరం గోడకా అని. మళ్ళీ ఆ చూపే అడ్డొస్తుంది.

*

ఆ రోజే ఆకు కలిపి, దూది మడతలో పెట్టిన గుడ్డ చుట్టి, చిన్న దిమ్మ ఒత్తుడులో పెట్టాడు. మర ఎప్పటికన్నా రెండు చుట్లు ఎక్కువ బిగించాడు, వేళ లేదు కాబట్టి. శనివారం పొద్దున్న దిమ్మ తీసి కోసి, పై పొర ఎక్కువ పడేలా ఒక పైపు కూరి రుచి చూశాడు. పచ్చి ఇంకా పోలేదు, పది రోజులు మగ్గాలి. అయినా సందులోది సందులోనే ఉంది. ఎవరో పక్కగదిలో ఉన్నట్టే ఉంది.

పాత డబ్బా మూత బిగించి, దారిలో గడియారాలాయనకు తిరిగిచ్చేశాడు. ఆయన తెరిచి చూసి, "అరె, నా సగమే కాదు, నీ సగంలోనూ చాలా మిగిల్చావే" అని అరలో పెట్టుకుని, కొట్టుదాకా తోడొచ్చాడు.

బూడిదరంగు కోటాయన అప్పటికే వచ్చి కూర్చున్నాడు. కాగితాలు రాసే మనిషి కూడా ఉన్నాడు. అక్క పట్టుబట్టి పిలిపించిందతన్ని. మేస్త్రి పలక నలిపి, కొత్త మట్టి పైపులో కూరి, అందించాడు. కోటాయన అంటించాడు. రెండో దమ్ముకి కళ్ళు మూసుకున్నాడు. పైపు గిన్నెలో నిప్పు చిటచిటలాడటం వినిపించింది.

"ఇదే" అన్నాడు కోటాయన. "కాస్త పచ్చిగా ఉంది కానీ ఇదే. చెప్పండి, ఏమిటిది? దేంట్లోంచి వస్తుంది? రాసుకుంటాను. మా దగ్గర పెద్ద పీపాలున్నాయి, ఏదైనా సరే చిమ్మించేస్తాం."

పెద్దబావ మొహం వెలిగిపోయింది. మేస్త్రి భుజం చరిచాడు. "నేనన్నానా? మొన్న పెళ్ళాం దగ్గరికి వెళ్ళొచ్చాడండీ. అప్పుడే అనుకున్నాను. ఇది ఆవిడ చేసిన పనే. చెప్పరా, ఏం కలిపేది? అత్తరా, పౌడరా?" గొంతు తగ్గించాడు, అందరికీ వినబడేంత. "ముక్కున్న మొగుడికి తెలియకుండా ఎవరికోసం దాచిందో మరి."

కాగితాలు రాసే మనిషి నవ్వాడు. అక్క, "మీ నోరు పడ" అంది, కానీ ఆమె కళ్ళు కూడా తమ్ముడి మొహంలో జవాబు వెతుకుతున్నాయి.

మేస్త్రికి ఆ ప్రశ్న కొత్త కాదు. ఆ మేడగదిలో, మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని తనే అడిగాడు. ఇప్పుడు ఇక్కడ అత్తరు అన్న మాట అంటే, ఈ కొట్టు ముందు స్టూళ్ళమీద కూర్చునే ప్రతివాడూ పైపు వెలిగించిన ప్రతిసారీ అడుగుతాడు. ఎవరికోసం, ఎవరికోసం. ఆమె ఈ షెడ్డుకి తిరిగొచ్చి, రెండో కిటికీ తెరిచినా, ఆ ప్రశ్న ముందుగా వచ్చి కూర్చుని ఉంటుంది. ఆమె మళ్ళీ తలుపు వంక చూడటం మొదలుపెడుతుంది.

"ఏమీ కలపలేదు బావా" అన్నాడు.

"మరి?"

"అది నేను చేసింది కాదు." కోటాయన వైపు తిరిగాడు. "తప్పయిందండీ. ఈయన పాత డబ్బా ఒకటి అరువిచ్చారు. అందులోది కాస్త నా పచ్చి ఆకులో కలిపి, కూరి మీకిచ్చాను. ఆ ఏటి ఆకు గుణమది. ఆ ఆకు మళ్ళీ రాదు. నాకు చేతకాలేదు."

కోటాయన పైపు బల్లమీద పెట్టాడు, మురికి వస్తువు పెట్టినట్టు. కాసేపు మేస్త్రి మొహంలోకి చూసి, "నమ్మి ఇంతదూరం వచ్చానయ్యా" అన్నాడు. కాగితాలు సర్దుకుని లేచాడు. పెద్దబావ ఆయన వెంట వీధి చివరిదాకా పరిగెత్తాడు.

గడియారాలాయన స్టూలు మీద కదలకుండా కూర్చున్నాడు. డబ్బాలో ఎంత మిగిలిందో కళ్ళతో చూసినవాడు ఆయనొక్కడే. బల్లమీద ఆరిపోతున్న పైపు అందుకుని, ఒక దమ్ము లాగి, పొగ ముక్కులోంచి మెల్లగా వదిలాడు. మేస్త్రి వైపు చూడకుండానే, "అవును, పాతదే" అన్నాడు.

అక్క తలుపు పట్టుకుని నిలబడిపోయింది. "నీ నోట్లో నువ్వే మన్ను కొట్టుకున్నావు కదరా. దొంగ అనిపించుకున్నావు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని దాన్ని రమ్మంటావు?"

"రమ్మనను అక్కా" అన్నాడు. తూకం బల్ల దగ్గరికి వెళ్ళి, చేతులు దులుపుకుని, రెండో నంబరు జాడీ దింపాడు.

సోమవారం పెద్దబావ అన్నమాట నిలబెట్టుకున్నాడు, జీవితంలో మొదటిసారి. గోడౌను కట్టే మనిషిని తీసుకుని షెడ్డుకి వచ్చాడు. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఎవరూ లేకపోతే, "ఏరా, ఖాళీగానే ఉన్నావుగా" అన్నాడు. మేస్త్రి వచ్చి పట్టుకున్నాడు. ముందు ఒత్తుడు పెట్టె ఉన్న గోడ నుంచి వీధి గోడ దాకా. తర్వాత గదిలో, మంచం పక్కకి జరిపి, ఉన్న ఒక్క కిటికీ కింద. టేపు వేలాడకుండా గట్టిగా లాగి పట్టుకోమన్నారు. లాగి పట్టుకున్నాడు. ఆ మనిషి వంగి అంకెలు చూసి పైకి చదివాడు. తూర్పు పడమరలు పదిహేను గజాలు. ఉత్తర దక్షిణాలు ఎనిమిది. మొత్తం నూట ఇరవై గజాలు.